కాళ్ళు కడుక్కున్న శవం

ఆసుపత్రి నుంచి మా నాయనను ఇంటికి తీసుకొచ్చిన రోజు, మా అమ్మ ఆయన్ని కాళ్ళు కడుక్కోమనలేదు. చదివేవాళ్ళకు ఇదేమంత పెద్ద సంగతిగా కనబడకపోవచ్చు. నాకు మాత్రం ఆ క్షణాన, మా పాళేనికి తూర్పున ఉన్న సముద్రం అలలు కొట్టడం మానేసి చేతులు కట్టుకుని నిలబడినంత భయం వేసింది. గుండెకు పోయే నాళమొకటి పూడుకుపోతే నెల్లూరు డాక్టర్లు దాన్ని తెరిచి, మనిషి బాగున్నాడు, ఉప్పు తగ్గించండి, మెల్లగా నడిపించండి అని చెప్పి పంపారు. కారు దిగిన నాయన అలవాటు కొద్దీ గడప ముందర ఆగాడు. ఎడమ పక్కన నీళ్ళ తొట్టి, అందులో తేలుతున్న చెంబు. ఆయన చెంబు కోసం వంగబోయాడు.

"వంగబాక. వద్దులే, లోపలికి రా" అంది అమ్మ.

నాయన చెంబు వంక చూశాడు, అమ్మ వంక చూశాడు, చివరికి నా వంక చూశాడు. ఆపరేషన్ గదిలోకి తోసుకుపోయేటప్పుడు కూడా నర్సుతో చేపల ధరలు మాట్లాడుతూ వెళ్ళిన మనిషి, ఆ దుమ్ము కాళ్ళతో గడప దాటేటప్పుడు మాత్రం వణికాడు. మంచం మీద పడుకోబెట్టాక నా చొక్కా పట్టుకుని కిందికి లాగి, చెవిలో అడిగాడు.

"డాక్టరు మీ అమ్మతో ఏం చెప్పినాడ్రా?"

"బాగుండావన్నాడు గదా నాయనా. నీ ముందరే గదా చెప్పింది."

"అది నాతో చెప్పింది. ఆమెతో ఏం చెప్పినాడని అడగతా ఉండా. కాళ్ళు కడుక్కోబళ్ళేదనిందంటే, నా పని అయిపోయిందనే గదా లెక్క."

ఆయన భయం అర్థం కావాలంటే మా ఇంటి చట్టం తెలియాలి. ఆ చట్టానికి ఒకే ఒక్క మాట: "కాళ్ళు". వాక్యం కాదు, క్రియ లేదు, గౌరవ వాచకం లేదు. మా అమ్మ వంటింట్లో పొయ్యి ముందర కూర్చుని, వెనక్కి తిరక్కుండా ఆ మాట అంటే, వీధి గడప దగ్గర ఎవరి కాలు ఎక్కడ గాల్లో ఉంటే అక్కడే ఆగిపోయేది. మా ఇంట్లో నాపరాళ్ళ నేల. దాని మీద పొడి కాలు పడితే ఒక చప్పుడు, తడి కాలు పడితే ఇంకొక చప్పుడు. మిగతా ప్రపంచానికి ఆ తేడా తెలియదు గానీ మా అమ్మకు తెలుసు. ఆమె పొయ్యిలో పుల్లలు చిటపటమంటున్నా, పులుసు తెర్లుతున్నా, పైన కాకులు సభ పెట్టుకున్నా, పొడి కాలు ఒక్కటి నాపరాయిని తాకితే చాలు, వినేసేది. కొలతలకొచ్చిన సర్వేయరు కడుక్కున్నాడు. నన్ను చూసుకోవడానికొచ్చిన పెళ్ళివారు వియ్యపురాలితో సహా వరసగా కడుక్కున్నారు. ఒళ్ళు కాలే జ్వరంతో మంచంతో సహా మోసుకొచ్చిన మనిషికి కూడా ముందు కాళ్ళ మీద నీళ్ళు పడ్డాకే నాడి చూశారు. ఒకసారి ఇంట్లోకి పాము దూరితే, దానికి కాళ్ళు లేవు గనక మర్యాదగా లోపలికి రాగలిగిందని నాయన అన్నాడు.

ఇంతకూ చట్టం పెట్టినామె మొదటి నుంచీ అంత కఠినురాలేం కాదు. మా పొలాలు రొయ్యల గుంటలైన కాలంలోనే ఈ పట్టుదల ముదిరింది. వడ్లు పండినన్నాళ్ళూ మా మగవాళ్ళు ఇంటికి తెచ్చే బురదలో ఒక మర్యాద ఉండేది. ఆరితే రాలిపోయేది, వాసన కూడా వానలాగే ఉండేది. గుంటల బురద అట్లా కాదు. నల్లగా, జిగురుగా, రొయ్యల మేత వాసనతో వచ్చేది. ఆ మేత వాసనను వర్ణించడానికి నాకు చేతగాదు. ఎండుచేపలు, తడి గోతాం, చిమ్నీ కింద మసి, ఈ మూడూ కలిసి పెళ్ళి చేసుకుని మా ఇంట్లోనే కాపురం పెట్టాయనుకోండి. తెల్లవారి అమ్మ వాకిట్లో కల్లాపి చల్లితే ఒక గడియ పేడనీళ్ళ వాసన గెలిచేది. తర్వాత అన్నం గంజి వాసన కాసేపు ఏలేది. పొద్దెక్కి నాయన గుంటల మీది నుంచి వస్తే మాత్రం అందరూ రాజ్యం అప్పగించేసేవాళ్ళు. ఆ రాజ్యాన్ని గడప అవతలే ఆపడానికి మా అమ్మ దగ్గరున్న సైన్యమంతా ఒక తొట్టి, ఒక చెంబు, ఒక మాట.

ఆ రోజుల్లోనే రొయ్యలకు తెగులొచ్చింది. ఒంటి మీద తెల్ల మచ్చలు పడి గుంటలకు గుంటలు తేలిపోయాయి. మా పాళెంలో మగవాళ్ళందరికీ ఒక్కసారిగా పని లేకుండా పోయింది. మేత దుకాణం సుబ్బరామయ్యకైతే దుకాణం నిండా మూటలు, గుమ్మంలో ఈగలు మిగిలాయి. ఆయన ఏదో పని మీద మద్రాసు వెళ్ళి, చుట్టాలింట్లో వీడియోలో ఒక పరదేశపు సినిమా చూసి వచ్చాడు. అందులో చచ్చినవాళ్ళు లేచి నడుస్తారట. బతికినవాళ్ళను కొరుకుతారట. రైలు దిగి దుకాణం దాకా వచ్చేలోపలే కథ తయారైంది: తెగులు రొయ్యలు తిని ఊరు ఊరంతా చచ్చిపోతుంది, అదే రాత్రి తుఫానొస్తుంది, ఆ ఉప్పునీళ్ళు తగిలి శవాలన్నీ లేస్తాయి. పేరు 'చచ్చినోళ్ళ తుఫాను'. దాన్ని మా పాళెంలోనే, మా వాళ్ళతోనే సినిమాగా తీస్తానని కూర్చున్నాడు. ఇప్పటి పిల్లలు జాంబీలంటారే, ఆ మాట అప్పటికి మా తీరానికి చేరలేదు. మేము 'లేచినోళ్ళు' అనేవాళ్ళం.

నటులకేం కొదవ. పాళెం నిండా పని లేక, మొహాలు పీక్కుపోయి, మెల్లగా నడిచే మగవాళ్ళే. శవాల పెద్దగా మా నాయనను ఎంచుకున్నారు. తాటిచెట్టంత ఎత్తు, లోపలికి పోయిన బుగ్గలు. "అన్నా, నీకు మేకప్పు కూడా అక్కర్లేదు" అన్నాడు సుబ్బరామయ్య. దాన్ని మా నాయన ఈనాటికీ పొగడ్తగానే చెప్పుకుంటాడు. కావలిలో డిగ్రీ వెలగబెడుతూ సెలవులకు వచ్చిన నాకు కూడా ఒక పాత్ర ఇచ్చారు. ఇసుకలోంచి హఠాత్తుగా పైకి లేచే చెయ్యి ఉంటుంది చూడండి, అది నాది. చేతి గడియారం తీయడం అందరమూ మరిచిపోయాం. సినిమాలో ఆ శవం ఏ వేళకు లేచిందో నిమిషాలతో సహా తెలుసుకోవచ్చు.

మొహాలకు బియ్యప్పిండి, బూడిద, ఆముదం. నెత్తురుకు బెల్లం పాకంలో కుంకుమ. ఆ పాకం మహిమను పరదేశంవాళ్ళు కూడా ఊహించి ఉండరు. పూసుకున్న కాసేపటికే చుట్టుపక్కల మండలాల్లోని ఈగలూ చీమలూ మా పాళేనికి వలస వచ్చాయి. శవాలు చేతులు విదిలించి, మెడలు తిప్పి, భుజాలు కుదిపి, కాళ్ళు ఈడ్చి నడిచిన నడకంతా వాటి చలవే. నటన నేర్పించే పని పడలేదు. ఇక తుఫాను. గుంటల్లో గాలి కోసం నీళ్ళు చిమ్మే చక్రాలుంటాయి కదా, రొయ్యలు పోయి ఖాళీగా ఉన్న ఆ చక్రాలన్నిటినీ తెచ్చి ఒక్కచోట తిప్పితే, నిజం తుఫాను కూడా వచ్చి చూసి పోయేంత తుఫాను లేచింది.

ఇంత ఘనంగా మొదలైన షూటింగు ఒక్క రోజులో ఆగిపోయింది. కారణం స్నానాలు. పాడె మీద పడుకున్న ప్రతి మగవాణ్ణీ, షాటు అయిపోగానే పెళ్ళాం వచ్చి చెయ్యి పట్టుకుని సముద్రానికి లాక్కుపోయి తలస్నానం చేయించేది. శవమైన మనిషి స్నానం చేయకుండా అన్నం దగ్గరికెట్టా వస్తాడు? పొద్దంతా కష్టపడి పూసిన పిండీ బూడిదా పాకమూ సముద్రంలో కలిసేవి. అన్నాలయ్యాక మళ్ళీ పూయాలి, మళ్ళీ షాటు, మళ్ళీ స్నానం. సుబ్బరామయ్య నెత్తి కొట్టుకుంటూ మా అవ్వ దగ్గరికొచ్చాడు. నాయన తల్లి ఆమె. మైల, అంటు, ముట్టు విషయాల్లో మా పాళేనికి ఆమె మాటే ఆఖరు. అప్పుడు అవ్వ అరుగు మీద వక్క కత్తిరిస్తోంది. పక్కన చర్చిలో ఆడవాళ్ళకు పెద్ద అయిన ఎస్తేరమ్మ చేట పట్టుకుని కూర్చుంది.

"అవ్వా, నువ్వే ఒక మాట చెప్పాల. నా శవాలన్నీ కడుక్కుపోతా ఉండాయి" అన్నాడు సుబ్బరామయ్య.

"శవాలే గదా వాళ్ళు?"

"శవాలే. గానీ లేచి నడస్తా ఉంటాయి."

అవ్వ వక్క కత్తిరించడం ఆపింది. "లేచినోడు శవమెట్ట అవుతాడు సుబ్బరామా?"

"అసలు లేపేది దేవుడు గదా" అంది ఎస్తేరమ్మ, చేటలో రాళ్ళేరుతూ. "ఆఖరి దినాన బూర ఊదినాక లేస్తారు. మేత అమ్ముకునేవోడు లేపేదేంది?"

"అక్కా, సినిమాలో తుఫానుకు లేస్తారు."

"తుఫానుకు లేచినోళ్ళకి తీర్పుండదా మరి? అది గూడా పెట్టు కథలో."

చాలాసేపు ఇద్దరూ వాదించుకున్నారు. హైకోర్టులో కూడా అంత వాదన జరిగి ఉండదు. చివరికి అవ్వ తీర్పు చెప్పింది: పాడె మీద పండుకున్నవాడికి తలస్నానం తప్పదు. లేచి నడుస్తున్నవాడు ఊళ్ళో మనిషితో సమానం, వాడికి అంటు లేదు. ఇంట్లోకొచ్చేటప్పుడు అందరిలాగే కాళ్ళు కడుక్కుంటే చాలు. సుబ్బరామయ్య అవ్వ కాళ్ళకు మొక్కినంత పని చేసి, పడుకునే షాట్లన్నీ ఒకే పూటలో ముగించేసి, మిగతా రోజులన్నీ శవాలను నిలబెట్టే ఉంచాడు.

ఈ తీర్పుతో పాళెమంతా కుదుటపడింది, మా అమ్మ తప్ప. నాయనకు దండ వేసి, నుదుట బొట్టు పెట్టి, ముక్కులో దూది పెట్టి పాడె మీద పడుకోబెట్టారని ఎవరో చెప్పగానే ఆమె మొహం మాడిపోయింది. సినిమా అయినా సరే, దండ వేసిన మొగుణ్ణి కళ్ళతో చూడనంది. "మా ఇంట్లో తీసుకుంటారా, తీసుకోండి. వండి పెట్టమంటారా, పెడతా. నేను మాత్రం చూడను" అని, మా ఇంట్లో షూటింగు జరిగిన నాడు వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి వైపు తిరిగి, శవాలందరికీ చేపల పులుసు వండుతూ కూర్చుంది. మామిడికాయ ముక్కలు వేసిన పులుసు. ఆ వాసనకు పెరట్లో వరసగా నిలబడ్డ శవాలు గుటకలు మింగుతుంటే, "అన్నా, మీరు మనుషుల మాంసం తినేవాళ్ళు, పులుసు దిక్కు చూడబాకండి" అని సుబ్బరామయ్య బతిమాలుకోవడం నాకిప్పటికీ వినబడుతుంది.

షాటు ఇదీ: ఊరంతా నాశనమయ్యాక, శవాల పెద్ద తను బతికున్నప్పటి ఇంటికే వస్తాడు. లోపల హీరో హీరోయిన్లు దాక్కుని ఉంటారు. హీరో కావలి బట్టల కొట్టువాళ్ళ అబ్బాయి. తుఫానులో కూడా ఇస్త్రీ నలగని చొక్కాల్లో ఉంటాడు. శవం చేతులు చాచి, గురగురలాడుతూ, వీధి గడప దాటి వాళ్ళ మీద పడాలి. రీలు కొసకొచ్చింది, రెండోసారి తీయడానికి లేదని కెమెరా మనిషి ముందే చెప్పాడు. చక్రాలు తిరిగాయి. నీళ్ళు లేచాయి. నాయన వీధిలోంచి భీకరంగా వచ్చాడు. నేను కిటికీ పక్కనే ఉన్నాను, ఆయన నాయనని తెలిసి కూడా నాకు వెంట్రుకలు లేచాయి. అరుగెక్కాడు. ఒక కాలు గడప దాటి నాపరాయి మీద పడింది.

వంటింట్లోంచి, పులుసు కలుపుతున్న గరిటె చప్పుడు మధ్యలోంచి, వెనక్కి తిరక్కుండా వచ్చింది మాట.

"కాళ్ళు."

శవం ఆగింది. చాచిన చేతులు దించింది. మెల్లగా వెనక్కి తిరిగి, గడప దిగి, తొట్టి దగ్గరికి వెళ్ళి, చెంబు ముంచి, ఎడమ కాలు మీద కుడికాలు రుద్ది, కుడికాలు మీద ఎడమ కాలు రుద్ది, శుభ్రంగా కడుక్కుని, చెంబు మళ్ళీ తొట్టిలో పెట్టి, అప్పుడు చేతులు చాచి, గురగురలాడుతూ లోపలికి వచ్చి హీరో మీద పడింది. కెమెరా ఆగలేదు. ఆపితే ఇంకో రీలు లేదు.

ఆ రోజుల్లో మాటలన్నీ తర్వాత మద్రాసులో చేర్చేవాళ్ళు. అందుకని సినిమాలో మా అమ్మ గొంతు లేదు. తెర మీద చూసేవాళ్ళకు, ఆ శవం తనంతట తానే ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, వెనక్కి వెళ్ళి కాళ్ళు కడుక్కుని వచ్చినట్టే కనబడుతుంది.

సినిమా మా దగ్గరి డేరా హాల్లో మొదటాట పడిన సాయంత్రం పాళెమంతా ట్రాక్టర్ల మీద తరలివెళ్ళింది. అంతమంది శవాల కుటుంబాలు ఒకేచోట కూర్చుని సినిమా చూడటం ప్రపంచంలో అదే మొదటిసారి అయి ఉంటుంది. హీరో కనబడితే చప్పుడు లేదు. ఒక్కొక్క శవం లేస్తుంటే ఈలలు, చప్పట్లు, "మా చిన్నాయన", "మా బావ" అని కేకలు. హీరో తెడ్డు తీసుకుని మా వడ్రంగి నెత్తి మీద కొట్టేసరికి, వడ్రంగి భార్య లేచి నిలబడి, "ఒరే ఇస్త్రీ చొక్కా, నీకేం అపకారం చేసినాడ్రా ఆయన? నడస్తా పోతా ఉంటే కొడతావా?" అని తెరనే నిలదీసింది. పక్కనే కూర్చుని ఉన్న వడ్రంగి ఆమె కొంగు పట్టి లాగుతూ, "గమ్మునుండవే, నాకు తగల్లా" అని నచ్చజెప్పాల్సి వచ్చింది. ఇసుకలోంచి నా చెయ్యి లేచినప్పుడు మాత్రం ఎవరూ గుర్తుపట్టలేదు. గడియారం బాగుందన్నారు.

నాయన గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగి కాళ్ళు కడుక్కున్న క్షణాన డేరా లేచిపోయిందనే చెప్పాలి. ఆడవాళ్ళందరూ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ మా అమ్మ కోసం వెనక్కి తిరిగి చూశారు. ఆమె లేదు. ఇంట్లోనే ఉండిపోయింది. ఇక ఆఖరి రీలు. అందులో హీరో శవాలన్నిటినీ ఒకచోట చేర్చి తగలబెడతాడు. ఆ సంగతి ముందే పొక్కింది. రీలు మారుతుండగానే మా పాళెం ఆడవాళ్ళు లేచి, మొగుళ్ళ చేతులు పట్టుకుని బయటికి నడిచారు. బతికున్న మొగుణ్ణి చితి మీద చూస్తూ కూర్చోవడానికి ఎవరికి మనసొస్తుంది? హాలు ఖాళీ అయిపోయింది. మర్నాటి నుంచి హాలు యజమానే తెలివి తెచ్చుకుని ఆ రీలు వేయడం మానేశాడు. అందువల్ల మా చుట్టుపక్కల ఆ సినిమా శవాల గెలుపుతోనే ముగిసింది. ఎవరికీ లోటు తోచలేదు.

మర్నాడు చేపలు తోముతున్న అమ్మ చుట్టూ చేరి ఆడవాళ్ళు ఆ గడప షాటు అభినయించి చూపించారు. ఆమె అంతా విని, "కడుక్కోకుండా ఎట్ట వస్తాడు మరి?" అంది. అందులో నవ్వేదేముందో ఆమెకు అప్పుడూ అర్థం కాలేదు, ఆ తర్వాతా అర్థం కాలేదు. సినిమా మాత్రం చూడనే లేదు.

ఆ సినిమా పోయిందనే అనుకున్నాం. మొన్న నాయన ఆసుపత్రిలో ఉండగా, వరండా కుర్చీల్లో కూర్చుని ఫోను చూసుకుంటున్న నా కూతురు స్వాతి, "నాన్నా, ఇది తాతే కదూ?" అంది. సుబ్బరామయ్య గారి కూతురు పాత పెట్టెలో రీళ్ళు దొరికితే బాగు చేయించి నెట్లో పెట్టిందట. లోకమంతా చూసి కింద తోచింది రాస్తోంది. నాకు గుండె గుభేలుమంది. లోపల మనిషి మందులతో మగతగా పడి ఉంటే, బయట ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఆయన మొహం చూసి వెక్కిరిస్తున్నారేమోనని. పూర్వం డేరాలో కూర్చున్నవాళ్ళు తిట్టినా పొగిడినా మొహం మీదే, గొంతెత్తి; ఎవరు అన్నారో తెలిసేది, మర్నాడు వాళ్ళింటికే వెళ్ళి మజ్జిగ తాగేవాళ్ళం. ఇప్పుడు ఎక్కడో ఎవరో దిండుకు ఆనుకుని బొటనవేలితో నవ్వుతారు. వాళ్ళ నవ్వు ఎలాంటిదో తెలియదు.

"చదవనా?" అంది స్వాతి.

"చదువు. మెల్లగా చదువు."

"'తుఫాను వెనకాల చక్రాలు కనబడుతున్నాయి.' 'ఆ చేతికి గడియారమేంటి బాబూ.' 'హీరో కంటే శవమే నయం, పద్ధతిగా ఉంది.' 'మా ఇంటాయనకు ఈ శవం పాటి బుద్ధి కూడా లేదు.' 'ఆ పెద్దాయన ఎవరో గానీ వాళ్ళమ్మ బాగా పెంచింది.'"

ఒకాయనెవరో చాంతాడంత వ్యాసమే రాశాడు. చావు సైతం చెరపలేని గృహస్మృతి ఆ చెంబులో నీళ్ళై ప్రవహించిందనీ, ఆ నిశ్శబ్దంలో దర్శకుడి తాత్వికత ఉందనీ. ఆ నిశ్శబ్దంలో ఉన్నది చేపల పులుసని ఆయనకెట్టా చెప్పేది? ఏమైతేనేం, వెక్కిరింపు లేదు. ఊపిరి పీల్చుకున్నాను.

ఆ ఊపిరి ఇంటికొచ్చేదాకానే నిలిచింది. అమ్మ నోట ఆ ఒక్క మాట రావడం లేదు. నాయన రోజురోజుకూ కుంగిపోతున్నాడు. డాక్టరు చెప్పినట్టు పొద్దునా సాయంత్రం పెరట్లో నడుస్తాడు. ఒకరోజు కావాలనే అరటి పాదులో దిగి, మోకాళ్ళ దాకా బురద చేసుకుని, పక్క దారి వదిలి సరిగ్గా నడింట్లోంచి ధన్ ధన్‌మంటూ నడిచాడు. వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి ఆగి, దగ్గాడు కూడా. అమ్మ వెనక్కి తిరిగి చూసింది. చిన్న గుడ్డ తీసుకుని, వంగి, ఆయన అడుగులన్నీ ఒక్కొక్కటే తుడుచుకుంటూ వెళ్ళింది. నాయన నా దగ్గరికొచ్చి కూర్చుని, "చూసినావా? ఆశ వదిలేసిందిరా మీ అమ్మ" అన్నాడు. ఆ పూట అన్నం సగంలో లేచాడు.

ఇక లాభం లేదని నేనే వంటింట్లోకి వెళ్ళాను.

"డాక్టరు నీతో ఏమన్నా చెప్పినాడామ్మా?"

"నాకేం చెప్తాడు అబ్బయా. అందరికీ చెప్పిందే." ఆమె చింతపండు పిసుకుతోంది. "ఆ అద్దాల గదిలో చూపించినారు గదా నాకు. ముక్కులో గొట్టం. తెల్లంగా, కదలకుండా. ఎన్నేళ్ళు... ఏదైతే చూడకూడదని పొయ్యి దిక్కు తిరిగి కూచున్నానో, అదే చూపించినారు. అట్ట పండుకోనున్న మనిషిని మళ్ళీ కాళ్ళు కడుక్కో, చేతులు కడుక్కో అని అదిలించేదానికి నాకు నోరు రావడంలా. యాడ మళ్ళీ పండుకుంటాడోనని."

నేను పీట లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను.

"స్వాతి ఫోనులో ఉందన్న ఆ బొమ్మలో ఆయన లేస్తాడంట గదా?" అంది అమ్మ.

"లేస్తాడు."

"లేచి నడస్తాడా?"

"ఇల్లు దాకా నడిచొస్తాడు."

ఆమె చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుంది. "అయితే పెట్టు. చూడకూడనిది చూడనే చూసినా. లేచేది గూడా చూస్తా."

పొద్దు వాలుతుండగా స్వాతి ఫోనులోంచి సినిమాను టీవీలోకి ఎక్కించింది. అమ్మ నేల మీద పీట వేసుకుని కూర్చుంది. అప్పుడే పెరట్లో నడక ముగించుకుని వచ్చిన నాయన, ఆమె పక్కన కుర్చీలో కూర్చుని, కాళ్ళు ముందుకు చాపాడు. సినిమా మొదలైంది. రొయ్యలు చచ్చాయి. ఊరు చచ్చింది. పాడె కనబడగానే అమ్మ టీవీ వంక కాకుండా పక్కకు చూసింది. కుర్చీ కోడును పట్టుకుంది. నాయన మెల్లగా, "నువ్వు కళ్ళు మూసుకో. అయిపోయినాక చెప్తా" అన్నాడు. ఆమె మూసుకోలేదు. దండా, దూదీ, తెల్లటి మొహం, అన్నీ చూసింది. చక్రాలు తిరిగాయి, తుఫాను లేచింది. పాడె మీది మనిషి కళ్ళు తెరిచి, లేచి కూర్చుని, దండ తెంపి అవతల పారేశాడు. అమ్మ చెయ్యి కుర్చీ కోడును వదిలింది. "లేచినాడు" అంది, మాకెవరికీ తెలియనట్టు.

తర్వాత వడ్రంగి నెత్తిన తెడ్డు పడింది. నా చెయ్యి గడియారంతో సహా లేచింది. "అది నాదే" అని నేనంటే ఎవరూ పట్టించుకోలేదు. మా వీధి వచ్చింది, మా అరుగు వచ్చింది. ముప్పై ఏళ్ళ కిందటి మా తొట్టి, మా చెంబు. నాయన చేతులు చాచి, ఎక్కడెక్కడి దుమ్మూ బురదా కాళ్ళకేసుకుని, అరుగెక్కి, ఒక కాలు గడప దాటించాడు.

"కాళ్ళు" అంది అమ్మ.

టీవీలో శవం ఆగింది. చేతులు దించి, వెనక్కి తిరిగి, గడప దిగి, చెంబు ముంచింది.

స్వాతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ సినిమాలో ఇన్నాళ్ళూ లేని మాట ఒక్కటీ, సరిగ్గా దాని వేళకు, దాని చోటికి వచ్చి చేరింది. నాయన టీవీ వంక చూడటం లేదు. నోరు కొంచెం తెరుచుకుని, అమ్మ వంకే చూస్తున్నాడు. అమ్మకు ఇవేమీ పట్టలేదు. ఆమె ముందుకు వంగి, కళ్ళు చిట్లించి, శవం కాళ్ళు కడుక్కునే తీరును తనిఖీ చేస్తోంది.

"మడమలు తడవలా" అంది. "అందరూ కడుక్కున్నాడు, కడుక్కున్నాడని ఒకటే చెప్పినారు. వెనక మడమ చూడు, బురద అట్టనే ఉండాది."

"రీలు అయిపోతా ఉందని కెమెరా ఆయన తొందర పెట్టినాడే" అన్నాడు నాయన.

"ఆయన తొందరకి నా ఇల్లు తొక్కతావా?" అంటూ ఆమె టీవీ మీది నుంచి చూపు దించింది. పక్కనే, ముక్కు దగ్గరే, కుర్చీలోంచి చాపుకుని ఉన్న పాదాలు కనబడ్డాయి. పెరటి దుమ్ముతో, ఎండిన ఆకొకటి అంటుకుని. "మరి ఇవేంది?"

డాక్టరు ఎంత మెల్లగా లేవమన్నాడో నాయన అంత గబుక్కున లేచాడు. "పోతా ఉండా, పోతా ఉండా" అంటూ గడప దిగాడు. నేను పట్టుకోవడానికి లేవబోతే చేత్తోనే వద్దన్నాడు. బయట చెంబు తొట్టిలో మునిగిన చప్పుడైంది. నీళ్ళు పడిన చప్పుడైంది. మళ్ళీ మునిగింది. కావలసినదానికంటే చాలా ఎక్కువ నీళ్ళే పడ్డాయనుకుంటాను. మధ్యలో ఆయన నవ్వు కూడా వినబడింది, ఎవరితోనూ కాకుండా.

"మడమలు గూడా" అంది అమ్మ, తల తిప్పకుండా.

"నానమ్మా, ఇంకా క్లైమాక్స్ ఉంది" అంది స్వాతి. "చూడవా?"

"లేచినాడు, కడుక్కున్నాడు, ఇంట్లోకొచ్చినాడు. ఇంకేముంది చూసేదానికి? ఆపెయ్యి."

ఆపేసింది. ఆ ఆఖరి రీలు మా ఇంట్లో ఈసారి కూడా పడలేదు. టీవీ మాటలు ఆగిపోయిన ఆ నిశ్శబ్దంలో, గడప దాటి నాపరాళ్ళ మీదికి అడుగులు వచ్చాయి. అమ్మ చెవి అటు పెట్టి, రెండు పాదాల చప్పుడూ విడివిడిగా, జాగ్రత్తగా వింది. మళ్ళీ వెనక్కి పంపలేదు.